ఎడమ చెవి

"సాయిబుగారూ, ఫొటోలో రెబ్కా చెవి పెద్దది చేసి చూపించండి."

నల్లపాడు స్టేషన్ రోడ్డులోని ఆ స్టూడియోకి ఇలాంటి బేరం ఎన్నడూ రాలేదు. ఎవరైనా మొహం పెద్దది చేయమంటారు గానీ చెవి చేయమంటారా? కానీ అడిగినవాడు జోసఫ్. భార్య రెబ్కాను సమాధి చేసి పది రోజులైంది. స్టూడియో నడిపే హుస్సేన్ సాహెబ్ అతని వైపు స్టూలు జరిపాడు.

జోసఫ్ మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. రెబ్కా అంగన్‌వాడీ టీచరు. ఏటా పెళ్లిరోజున ఇద్దరూ వచ్చి, అదే నీలం తెర ముందు నిలబడి ఒక ఫొటో దిగేవాళ్లు. జోసఫ్ పరేడ్‌లో పోలీసులా బిగుసుకుపోయేవాడు. అతన్ని చూసి రెబ్కాకు నవ్వాగేది కాదు. పెళ్లయిన పదిహేనేళ్లకు మొదలుపెట్టి అలా ఆరేళ్లు దిగారు. ఏడో ఏడు పెళ్లిరోజుకు ఆసుపత్రిలో ఉన్నారు.

"ఆదివారం చర్చిలో రెబ్కా జ్ఞాపకార్థం ఆదరణ కూడిక. పెద్ద ఫొటో కావాలి. అది తర్వాత," అన్నాడు జోసఫ్. "ముందు ఎడమ చెవి సంగతి తేల్చండి."

రెబ్కాను తీసుకుపోయింది ఆ చెవి మీది నల్లమచ్చే. చర్మ కేన్సర్ అన్నారు గుంటూరులో. చెవి సగం కోసేశారు. అప్పటికే జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగిపోయింది. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే తెచ్చి ఉంటే బతికేదని డాక్టరు అన్న మాట కూతురు క్రిస్టీనా వింది. ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది.

"మానేసే ముందు ఒకటే అడిగిందండీ. 'అమ్మ మొహం ఏనాడన్నా సరిగా చూశావా నాన్నా?' అని. చూశానో లేదో నాకే తెలియట్లేదు. రోజూ చూసే మొహమేగా, ఏం చూస్తాం! ఇప్పుడేమో బస్సెక్కితే ముందు సీటోళ్ల చెవులే కనపడతన్నాయి. చర్చిలో కూర్చుంటే చెవులే. కళ్లు మూసుకున్నా ఆ చెవే."

సాహెబ్ తలూపాడు. కబురు తెలిసినప్పటి నుంచి ఆయనకూ అన్నం సయించడం లేదు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్ల చెవి కనిపిస్తే చూపు పక్కకు తిప్పేసుకుంటున్నాడు.

"వద్దులే జోసఫూ. ఇప్పుడు చూసి ఏం చేస్తావు?"

"చూడాల్సిందేనండీ. ఆరో ఫొటో దిగిన కొత్తలో అంగన్‌వాడీకి టీకాలెయ్యటానికొచ్చే నర్సమ్మ అడిగింది, ఈ మచ్చ ఎప్పటి నుంచి ఉందమ్మా అని. పాతదై పెరుగుతుంటే వెంటనే పెద్దాసుపత్రికి పొమ్మంది. రెబ్కా ఇంటికొచ్చి గోడ మీద ఫొటోలన్నీ చూసింది. ఒక్కదాంట్లోనూ లేదు. కొత్త కళ్లజోడు ఒరుసుకుని నల్లబడిందిలే అని ఊరుకుంది. ఆ చిన్న ఫొటోల్లో ఏం కనపడుద్దని క్రిస్టీనా వాదన. పెద్దది చేస్తే మచ్చ ఉందనుకోండి, పక్కనే ఉండి చూడలేని గుడ్డోణ్ణి నేనేనండీ. ఇక ఆ పిల్లకి నా మొహం చూపించను."

సాహెబ్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మొదటి ఏడు ఫొటో తెరిచి పెద్దది చేశాడు. రెబ్కా చెవి తెరంతా నిండింది. జోసఫ్ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

ఏమీ లేదు. చెవి నున్నగా ఉంది.

రెండో ఏడు. మూడు. నాలుగు. చుక్కయినా లేదు. ఐదో ఫొటో తెరుస్తుంటే జోసఫ్ కళ్లు మూసుకున్నాడు.

"ఉందా?"

"లేదు," అన్నాడు సాహెబ్.

ఆరోదీ అంతే.

జోసఫ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆసుపత్రిలో గానీ సమాధి దగ్గర గానీ రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. సాహెబ్‌కు చూడటం కష్టమైపోయింది.

"అయితే ఒక్కసారిగా వచ్చిపడిందండీ. నేను చూడక కాదు." సాహెబ్ చేతులు రెండూ తీసుకుని కళ్లకద్దుకున్నాడు. "నా బిడ్డను నాకిచ్చారు మీరు."

క్రిస్టీనాకు చూపించడానికి ఆ ఆరు చెవులూ ప్రింటు తీయించుకుని, కవరు గుండెలకు ఆనించుకుని వెళ్లిపోయాడు.

సాహెబ్ షట్టరు సగం దించాడు. మళ్లీ వచ్చి కూర్చుని, ప్రింట్ల ఫోల్డరు మూసి, కెమెరాలోంచి దించినవి దించినట్టు దాచిన ఫోల్డరు తెరిచాడు.

ఆ ఆరు ఫొటోల్లోనూ రెబ్కా చెవి మీద ఆవగింజంతగా మొదలై ఏటేటా పెరిగి కందిగింజంత అయిన నల్లమచ్చను, మొహం శుభ్రంగా కనిపించాలని, ప్రింటుకు ముందు ప్రతిసారీ తన చేత్తో తుడిచేసింది హుస్సేన్ సాహెబే.