నురగల వాగుకు ఆధారం

"ఈ ఆల్బమ్‌కు విడిగా వ్యాసం ఉండదగినంత ప్రాముఖ్యత లేదు. వారం రోజుల్లో ఆధారాలు చూపకపోతే తొలగిస్తాం."

నెట్‌లోని తెలుగు విజ్ఞాన సర్వస్వంలో తను రాసిన వ్యాసం నెత్తిన ఆ హెచ్చరిక చూడగానే సత్యశ్రీకి ఒళ్లు మండిపోయింది. ఇంద్రేశంలో సోషల్ టీచరు ఆమె. మూడు ఆదివారాలు కూర్చుని రాసింది. ముప్పై ఏళ్ల కిందట ఫ్యాక్టరీ మురుగు వాగులో కలిసి గొడ్లు చచ్చిపోతుంటే, ఓదెలు అనే కూలీ ఆరు పాటలు కట్టి 'నురగల వాగు' అని క్యాసెట్ తెచ్చాడు. ఆ రోజుల్లో పటాన్‌చెరు ఆటోల్లో అవే మోగేవి. వాగు ఈనాటికీ నురగలు కక్కుతూనే ఉంది. అలాంటి పాటలకు ప్రాముఖ్యత లేదట. సినిమా హీరో పెట్టుకున్న కళ్లజోడుకైతే ఉంటుంది కాబోలు.

ఆమె చర్చా పేజీలో దులిపేసింది. తొలగింపు కోరిన హరినాథ్ అనే ఆయన ఎక్కడివాడో గానీ మాట తూలడు, పట్టు వదలడు. మీరు చిన్నప్పుడు విన్నారంటే చెల్లదు, ఊరందరికీ తెలుసంటే చెల్లదు, పాడినాయనే చెప్పినా చెల్లదు. సంబంధం లేనివాళ్లు అచ్చులో వేసింది ఒక్కటి చూపించండి, చాలు అన్నాడు. అచ్చువేసేవాళ్లు ఆ వాగు గట్టుకు ఎప్పుడొచ్చి చచ్చారని సత్యశ్రీ మండిపడింది. ఆయన మళ్లీ అదే నియమం తెచ్చి అతికించాడు.

ఆరో రోజు బడి వదలగానే ముత్తంగి వెళ్లింది. ఓదెలు అక్కడ ఓ గోదాముకు వాచ్‌మన్. గేటు పక్క రేకుల గదిలో భార్య ముత్యమ్మ రొట్టెలు చేస్తోంది. సంగతంతా విని ఓదెలు తల దించుకున్నాడు.

"తీసేస్తె తీసెయ్యనియ్యి టీచరమ్మా. అండ్ల నా పేరు లేకుంటేనే మంచిగుంటది."

"మీరిలా వెనక్కి తగ్గబట్టే వాళ్లకంత అలుసు. పేపర్లో ఎప్పుడైనా వేశారా, అది చెప్పండి."

రొట్టె తిప్పుతూ ముత్యమ్మ అందుకుంది.

"ఒక్కపారి ఏసిన్రు. ఫోటో సుత. మా పెద్దోడు పుట్టిన యేడు, బతుకమ్మకు ముంగట. నాకు సదువు రాకపాయె, ఏం రాసిన్రో ఏమో."

"నువ్వు జెర ఊకో," అన్నాడు ఓదెలు.

ఈ కాలంలో ఇంత మొహమాటస్థుడా అని సత్యశ్రీకి జాలేసింది. పెద్దోడి వయసు అడిగి ఏడాది లెక్కగట్టింది. తిరుగు బస్సులోనే ఆ ఏడాది, నెల, మెదక్ జిల్లా పేజీలు అని చర్చలో రాసి పడేసింది. నియమాలు వల్లించడం మాని, ఒక్కసారి లైబ్రరీకి వెళ్లి దుమ్ము దులపమని కూడా చురక వేసింది.

హరినాథ్ నిజంగానే వెళ్లాడు. మర్నాడు సాయంత్రానికి జవాబొచ్చింది. మీరన్నది నిజమే, ఫోటోతో సహా దొరికింది, ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను, ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి, వ్యాసం మొదట్లోనే ఆ ఆధారం చేర్చాను అని.

సత్యశ్రీ కడుపు చల్లబడింది. వ్యాసం తెరవకముందే ఓదెలుకు ఫోన్ చేసింది.

"గెలిచాం. మీ పేరు ఇక ఎవరూ తీయలేరు."

లారీల చప్పుడులో ఓదెలు మళ్లీ అడిగాడు.

"ఎవ్వలు తియ్యలేరా?"

"ఎవ్వరూ తీయలేరు."

ఓదెలు ఫోన్ పెట్టేశాడు. సంతోషంతో మాట రాలేదేమో అనుకుంటూ సత్యశ్రీ వ్యాసం తెరిచింది. మొదటి వాక్యం ఇలా ఉంది:

"'నురగల వాగు' ఓదెలు పాడిన ఆరు పాటల ఆల్బమ్; ఇందులో చెప్పినవన్నీ అబద్ధాలని ఆయనే పోలీస్ స్టేషన్‌లో ఒప్పుకుని, ఫ్యాక్టరీ మేనేజరు కాళ్లకు దండం పెట్టి క్షమాపణ కోరాడు."