ఏడో తప్పు

"పోపు గరిటె ఏదే?"

వంటింట్లోంచి కూతురు రుచితను కేకేసింది జ్ఞానప్రసూన.

గరాజ్ తలుపు తీసి చూస్తే అక్కడుంది. గరిటె ఓ ప్లాస్టిక్ గిన్నెలో ఎర్రగా మునిగి ఉంది.

"పక్కింటాయన సాసులో పెట్టావా? అందులో ఏ మాంసం కలిపాడో ఏమో. ఇంక ఆ గరిటె నా వంటింట్లోకి రాదు."

"అమ్మా, ఇట్స్ జస్ట్ టొమాటో."

"నువ్వు చూశావా?"

"నువ్వు చూశావా?"

పక్కింటి కార్మెలో ముసలాయన. ఇటలీ నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. ఇక్కడి ఎండాకాలం ముదిరే ప్రతి ఫిబ్రవరిలోనూ పెరటి టొమాటోలు ఉడికించి, సీసాలకు పట్టి, ఆరు సీసాలు వీళ్లకిచ్చి పోతాడు. జ్ఞానప్రసూన నవ్వుతూ అందుకుంటుంది. మూతైనా తీయకుండా గరాజ్ అరలో పెట్టేస్తుంది. దేశం దాటి ఈ కానింగ్ వేల్‌కి వచ్చిన నాలుగేళ్లలో ఇరవై నాలుగు సీసాలు చేరాయి.

ఇవాళ ఆ సాసు రుచిత వీడియోకి రక్తమైంది.

రుచిత యూనివర్సిటీలో సినిమా చదువుతోంది. ఓ పాత ఇటాలియన్ జాంబీ సినిమాలోని ఏడు తప్పుల మీద వీడియో చేస్తోంది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి గడువు. డిస్టింక్షన్ వస్తే ఆ చదువే. రాకపోతే జూలై నుంచి ఐటీ. తండ్రి ద్వారకానాథ్ పెట్టిన షరతు అది. ఆయన గొంతు పెంచడు, మాట మార్చడు.

"అన్నీ చెప్పు, వింటాను" అంది తల్లి, గరిటె సంగతి పక్కన పెట్టి.

"శవం చేతికి వాచీ. గాలికి ఊగే అట్టముక్కల సమాధులు. మాటొకచోట, పెదవులొకచోట. ఊరంతటికీ ఐదుగురే జాంబీలు, చచ్చినవాళ్లే మళ్లీ చస్తుంటారు. రక్తం చూస్తే కెచప్. ఆరోది, ఈ పొడుగు జాంబీ సగం సినిమా దాకా ట్రైన్ మిస్సయ్యేవాడిలా నడుస్తాడు. తర్వాత కుంటుతాడు. డైరెక్టర్‌కి అప్పుడు గుర్తొచ్చింది, జాంబీలు కుంటాలని."

జ్ఞానప్రసూనకు నవ్వాగలేదు.

"ఏడోదే హైలైట్. అదే జాంబీ పాపని కొరకడానికి వస్తాడు. కొరకడు. ఎత్తి దూరంగా విసిరేస్తాడు. కట్. ప్రపంచంలో ఫస్ట్ బేబీసిట్టర్ జాంబీ."

గరాజ్ పక్క ఫెన్సు అవతల ఏదో కదిలింది. కార్మెలో తల కనిపించింది, చూపు రుచిత ల్యాప్‌టాప్‌లో ఆడుతున్న సీన్ మీద.

"ఆ సినిమా నీకెక్కడ దొరికింది?" వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు.

"ఆన్‌లైన్‌లో, అంకుల్. సో బ్యాడ్."

"అవును, చాలా బ్యాడ్." ఆయన ఇంకేదో అనబోయి, గిన్నె వైపు చూశాడు. "కొంచెం కాఫీ కలుపు. రక్తం అప్పుడు నల్లబడుతుంది."

బుధవారం ఆయనే తలుపు కొట్టాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. చేతిలో ఓ కవరు.

"అమ్మాయితో ఒక్క మాట. ఆ పాప సీన్ గురించి."

లోపల రుచిత చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్క్రీన్ ముందు వంగి ఉంది. ఇంకా రెండు తప్పులు ఎడిట్ చెయ్యాలి. ఈయన కూర్చుంటే గంట.

"షీ ఈజ్ బిజీ" అంది జ్ఞానప్రసూన, తలుపు సగమే తెరిచి. "శనివారం రండి."

"శనివారం" అన్నాడాయన, గుర్తు పెట్టుకుంటున్నట్టు.

మెట్ల మీద ఒక బూటు ఈడ్చుకుంటూ దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

గురువారం మధ్యాహ్నం పక్కింటి ముందు అంబులెన్స్ ఆగింది.

జ్ఞానప్రసూన కిటికీ లోంచి చూసింది. రుచితను పిలవాలా? గడియారం చూసింది. గడువుకు ఒక్కరోజుంది. పిలవలేదు.

శుక్రవారం నాలుగూ యాభై రెండుకి వీడియో అప్‌లోడ్ మొదలైంది. ముగ్గురూ చక్రం తిరుగుతున్న స్క్రీన్‌నే చూస్తూ నిలబడ్డారు. యాభై ఏడుకి చక్రం ఆగింది.

శనివారం పొద్దున లెక్చరర్ మెయిల్. రాత్రే అన్నీ చూసేశాడట. క్లాసు మొత్తానికీ ఫస్ట్. సోమవారం పెద్ద హాల్లో అందరి ముందూ వేస్తారట.

సాయంత్రం ఎదురింటివాళ్లు చెప్పారు. కార్మెలో గురువారమే పోయాడు.

జ్ఞానప్రసూన గరాజ్‌లోకి వెళ్లింది. ఓ సీసా తీసి, మొదటిసారి వెనక్కి తిప్పింది. వంకర అక్షరాల ఇంగ్లీషులో మూడే మాటలు. టొమాటో, తులసి, ఉప్పు. అన్ని సీసాల మీదా అవే.

ఆదివారం మధ్యాహ్నం ఆ సాసుతోనే టొమాటో పప్పు చేసింది. ఎవరికీ చెప్పలేదు.

రుచిత ఆలస్యంగా వచ్చి కూర్చుంది. ఇంతసేపూ ఫెన్సు దగ్గర కార్మెలో కూతురు లూసియాతో మాట్లాడుతోంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కంచం ముట్టుకోలేదు.

"నాన్నా, రేపు నా వీడియో వెయ్యొద్దని మెయిల్ పెట్టాను."

ద్వారకానాథ్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "ఫస్ట్ వచ్చింది కదమ్మా."

"వెనక్కి తీసుకున్నా. మళ్లీ చేస్తా. లేట్ అని మార్కులు కట్ చేస్తారు. డిస్టింక్షన్ రాదు."

"మరి మన మాట?"

"మాటంటే మాటే. జూలైలో ఐటీకి మారతాను."

"దేనికే ఇదంతా?" అంది జ్ఞానప్రసూన.

"ఏడోది తప్పు కాదమ్మా. షూటింగ్‌లో నిజంగానే లైట్ స్టాండ్ విరిగి పాప మీద పడబోయింది. మళ్లీ తీయడానికి డబ్బుల్లేక ఆ షాటే ఉంచేశారు. ఆరోదీ తప్పు కాదు."

"నీకెలా తెలుసు?"

రుచిత లూసియా ఇచ్చిన కవరు తీసి పప్పు గిన్నె పక్కన పెట్టింది. దాని మీద సీసాల మీది వంకర అక్షరాలే: 'రుచితకి. శనివారం.'

జ్ఞానప్రసూన లోపలి ఫోటో బయటికి తీసింది. ఆసుపత్రి మంచం మీద, ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఎడమ కాలికి పిండికట్టుతో, సగమే తుడుచుకున్న జాంబీ రంగులోంచి కుర్రవాడు కార్మెలో నవ్వుతున్నాడు.