రెండో తాళంచెవి

ఈసారి కూడా పెట్రోల్లో నీళ్లు వస్తే పడవ అమ్మేయాల్సిందే. తమ్ముడు ఫోన్లో ఖరాఖండిగా చెప్పేశాడు.

“అక్కా, అది పడవా, పసిబిడ్డా? వారం వారం డాక్టరు రావాల్సిందేనా? ఈ ఆదివారం కూడా బాగుపడకపోతే ఎవరికైనా ఇచ్చేద్దాం. నువ్వు మా మేడమీది గదికి వచ్చెయ్.”

ఆమె ఊఁ కొట్టింది. ఆ గది ఆమె చూసిందే. కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఇక్కడ వంటింటి కిటికీ తీస్తే ఏరు, రేవు, రేవులో కట్టేసిన తన మోటారు పడవ. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ పడవలోనే అవతలి దీవులకు వెళ్లి సూదులు వేసింది, పురుళ్లు పోసింది. రిటైరయ్యాక ఆఫీసువాళ్లు పాత సామానుతో పాటు దాన్నీ వేలం వేస్తే కొనుక్కుంది. ఇప్పటికీ అందరూ నర్సమ్మ అనే పిలుస్తారు. పిలిచేవాళ్లే తగ్గిపోయారు.

ఇప్పుడు ఆ ఇంటి గుమ్మం తొక్కే మనిషి మెకానిక్ ఒక్కడే. రేవు చివర షెడ్డు మీది గదిలో ఒంటరిగా ఉంటాడు. పెట్రోలు వడకట్టినట్టు మాటలు కూడా వడకట్టి వదులుతాడని ఊళ్లో నవ్వుకుంటారు. ఆ కాసిని మాటలతోనే ఆమెకు అన్నీ నేర్పాడు. ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే లోపలి గాలిలో తేమ నీరై దిగుతుందని. గొట్టాన్ని వేళ్లతో వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయని. స్టార్ట్ చేసేముందు ఫ్యాను వేసి, పడవ అడుగున చేరిన పెట్రోలు ఆవిరిని బయటికి పంపి, ముక్కుతో వాసన చూసుకోవాలని. అన్నిటికంటే ముఖ్యంగా, తాడు విప్పకుండా ఇంజన్‌ని రేవులోనే కాసేపు నడిపి చూడాలని.

“ఆగిపోయేదేదో ఇక్కడే ఆగిపోవాలండీ. నడి ఏట్లో కాదు.”

ఆమె ఆ మాట ఒక్కరోజూ తప్పలేదు.

ఇంజన్ మాత్రం ప్రతివారం రేవులోనే దగ్గి దగ్గి ఆగిపోయేది. ఆమె కబురు పెట్టేది. ఆదివారం అతను వచ్చి, బ్యాటరీ స్విచ్ కట్టేసి, ఫిల్టర్ కింద గాజు సీసా పట్టి, మర వదులు చేసేవాడు. పైన పెట్రోలు, అడుగున నీళ్లు, మధ్యలో గీత గీసినట్టు తేడా.

ఆ నీళ్లు ఎక్కడివో అంతుబట్టలేదు. మూత రబ్బరు మార్చాడు. గాలి గొట్టాన్ని జల్లు తగలనంత ఎత్తుకు జరిపాడు. పడవ మీద కొత్త పట్టా కప్పించాడు. చివరికి ఎవరో ఆకతాయిల పని కావచ్చని ట్యాంకు మూతకు తాళం బిగించాడు. ఒక తాళంచెవి ఆమెకిచ్చి, ఎప్పుడైనా అవసరం పడుతుందని రెండోది తన గుత్తిలో వేసుకున్నాడు. తాళం పడ్డాక నీళ్లు తగ్గకపోగా ఇంకాస్త ఎక్కువే వచ్చాయి.

పని అయ్యాక అతను సబ్బుతో చేతులు కడుక్కుని, వంటింటి గుమ్మంలో కూర్చుని టీ తాగేవాడు. పెద్దగా మాటలుండేవి కావు. అతను వెళ్లాక ఆమె ఆ కప్పును వెంటనే కడిగేది కాదు.

ఈ ఆదివారం అతను పడవలోకి దిగుతుండగా, ఆమె తమ్ముడి మాట చెప్పేసింది. పడవ అమ్మడం, మేడమీది గది, అన్నీ. అతని చెయ్యి స్విచ్ మీదే ఆగిపోయింది.

“ఇది నాకు ముందే చెప్పాల్సిందండీ.”

“ముందే చెబితే నీళ్లు రాకుండా పోతాయా?” అంది నవ్వబోతూ.

అతను స్విచ్ కట్టేసి సీసా అందుకున్నాడు.

ఆమెకు మాత్రం ధైర్యంగానే ఉంది. వారమంతా చినుకు పడలేదు. పడవ రేవు దాటలేదు. ఈసారి నీళ్లు రావు. పడవ ఎక్కడికీ పోదు. తనూ ఎక్కడికీ పోదు. ఆదివారాలు ఏమైపోతాయన్నదే ఆమె ఆలోచించదలుచుకోలేదు.

అతను మర వదులు చేశాడు. సీసాలోకి పెట్రోలు జారింది. కాసేపటికి తేటపడింది.

అడుగున నీళ్లు.

ఆమె కళ్లముందు పక్కింటి గోడ లేచి నిలబడింది. అతను సీసా వైపు చూడనే లేదు. ఏటి వైపు చూస్తున్నాడు.

“తమ్ముడుగారికి చెప్పండి, లోపం దొరికిందని. ఇకమీదట చుక్క నీరు కూడా రాదు.”

“ఎక్కడుంది లోపం?”

“మూత దగ్గర.”

జేబులోంచి గుత్తి తీసి రెండో తాళంచెవిని వేరుచేయబోయాడు. అది ఒకపట్టాన ఊడిరాలేదు. ఎలాగో తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

“రెండూ మీ దగ్గరే ఉంచుకోండి.”

“అయితే ఇక మీరు రానక్కర్లేదన్నమాట.”

అతను సీసా మూత బిగిస్తూ ఆ మాటకు జవాబును చాలాసేపు వడకట్టాడు.

“లోపం లేకపోయినా... టీ ఉంటుంది కదండీ.”

ఆమె సీసాలోని నీళ్లను చూసింది, చేతిలోని తాళంచెవిని చూసింది.

ఈ ఒక్క వారమే, తమ్ముడికి భయపడి, ఆమె ట్యాంకులో నీళ్లు పోయలేదు.