రెండో మొక్క

"పీకలేదత్తయ్యా! తొట్టికి ఒక్క టమాటా మొక్కే ఉంచి, బక్కదాన్ని పీకెయ్యమన్నారుగా నిన్న. పీకలేదు!" అత్తయ్య ఫోనెత్తగానే మొదలుపెట్టాను.

"బడిలో నిలవలేదు, పనిలో నిలవలేదు, నీ చేతిలో మొక్క నిలుస్తుందా! తిండి చాలక రెండూ చస్తాయి అల్లుడూ."

"ఎందుకు చస్తాయి? నిన్న పొద్దువాలాక తడిపి, చెంచాతో వేళ్లు మట్టితో సహా లేపి, పాత బకెట్‌కి చిల్లులు పెట్టి అందులో నాటాను. పక్కనే బంతి మొక్క పెట్టాను. ఎండ తగలకుండా గొడుగు కట్టాను. పొద్దున్నకల్లా తలెత్తింది!"

"మొక్కకి గొడుగా!" అత్తయ్య నవ్వు ఆపుకోలేకపోయింది. "అయినా ఆ ఒక్క గదిలో రెండోదాన్నెక్కడ పెడతావయ్యా?"

"అది చెప్పడానికే ఫోన్ చేశాను. ఇప్పుడే స్కానింగ్ అయింది. మీ అమ్మాయి కడుపులో ఇద్దరట!"

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"ఇద్దరూ బాగున్నారా?" మెల్లగా అడిగింది.

"ఒకరు కాస్త చిన్నగా ఉన్నారట. ఏం ఫర్వాలేదన్నారు. నా చెంచా, నా గొడుగు ఉన్నాయిగా! ఉంటానత్తయ్యా, మీ అమ్మాయి ఇంకా బల్ల దిగకుండా నవ్వుతోంది, వెళ్లాలి."