వాసన లేదన్నారు

చేపల పొడి ఫ్యాక్టరీ వెనక, మురుగునీటి సంపు అడుగున ఇద్దరు మనుషులు కదలకుండా పడి ఉన్నారు.

ఒకడు బురద తీయడానికి దిగిన సీమోను. రెండోవాడు అతన్ని పైకి లాగుదామని దిగిన సూపర్‌వైజర్ మహేష్, సర్పంచ్ ఝాన్సీలక్ష్మికి సొంత తమ్ముడు.

ఆవిడ పరుగున వచ్చేసరికి సంపు మీది రేకులు తీసేశారు. మూగిన జనం తువ్వాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గారు. జనార్దనరావు మాస్టారు ఒక్కరే అంచుదాకా వెళ్ళి, వంగి తాడు వదిలారు.

"వంగమాకండి మాస్టారూ! గాలి మంచిది కాదు!" అంటూ ఎవరో రెక్క పట్టుకుని లాగారు.

సీమోను అక్కడే పోయాడు. మహేష్‌కి ఇంకా ఊపిరి ఆడుతోంది. ఝాన్సీలక్ష్మి అంబులెన్స్ ఎక్కబోతుంటే సీమోను భార్య అడ్డం వచ్చింది.

"ఆ ఫ్యాను గాలంతా లాగేస్తదని చెప్పి దింపారమ్మా. పంచాయతీ వాళ్ళే పాస్ చేశారంట కదా!"

ఝాన్సీలక్ష్మి ఆమెను తప్పించుకుని అంబులెన్స్ ఎక్కేసింది. పాస్ చేసిన ముగ్గురిలో తనూ ఉంది.

ఫ్యాక్టరీ కంపు మీద ఊరు రెండేళ్ళు పోరాడింది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ఊరికి ముందున్న కోడూరు దాటగానే కారు వెనక్కి తిప్పేవారు. "మన పిల్లల్ని చూడాలంటే పెళ్ళికొడుక్కి జలుబన్నా చేసుండాలి" అని ఆడవాళ్ళు నవ్వుకునేవారు. ఫ్యాక్టరీ గేటు ముందు టెంటు వేసి మొదట కూర్చున్నది రిటైరైన జనార్దనరావు మాస్టారే.

చివరికి యజమాని గోవర్ధనరావు దిగొచ్చాడు. సంపుకి రేకులు కప్పిస్తానన్నాడు. లోపలి చెడుగాలిని ఫ్యాను లాగి, తడి కొబ్బరిపీచు నింపిన టవర్‌లోకి పంపుతుందన్నాడు. వాసన ఆ పీచులోనే చచ్చిపోతుందట. పంచాయతీ సరేనంది, ఒక షరతు మీద. సర్పంచ్, సెక్రటరీ ఫణికుమార్, మాస్టారు వెళ్ళి సంపు పక్కన నిలబడాలి. వాసన లేదని ముగ్గురూ ఒప్పుకోవాలి. పంచాయతీ దగ్గర మీటర్లెక్కడివి? ఉన్నవి ముక్కులే.

ఆ రోజు గోవర్ధనరావు సంపు పక్కనే షామియానా వేయించాడు. ఫ్యాను హోరుమని తిరుగుతోంది. కాఫీ కప్పులు తనే స్వయంగా అందించాడు.

"మీరు పాస్ చేస్తేనే మేం పాస్ మాస్టారూ. మీ స్టూడెంట్లలాగే మాకూ గుండె దడదడలాడుతోందండీ!"

అందరూ నవ్వారు. కాఫీ ఇచ్చిన మనిషి ఎదురుగా ముక్కు మూసుకోవడం ఏం మర్యాద? ఎవరూ మూసుకోలేదు. పెద్దాయన నోరు విప్పకుండా ముందు మాట్లాడడమూ బాగుండదు. మాస్టారి మాట కోసం చూస్తూ కూర్చున్నారు.

మాస్టారు తీరిగ్గా కాఫీ తాగారు. సర్పంచ్ వంక చూశారు. సెక్రటరీ వంక చూశారు.

"లేదు. వాసన లేదు" అన్నారు.

చప్పట్లు మోగాయి. తీర్మానం అక్కడే అయిపోయింది.

బందరు ఆసుపత్రి వరండాలో ఝాన్సీలక్ష్మి గోడకి ఆనుకుని నిలబడింది. ఫణికుమార్ రొప్పుతూ వచ్చాడు.

"మేడం, తవ్వి చూశారండీ. ఫ్యాను పైపు అసలు సంపులోకే కలపలేదు! వట్టినే బయటిగాలి లాగుతోంది. చెడుగాలంతా రేకుల కిందే ఉండిపోయింది."

"ఆ రోజు మీకు వాసన రాలేదా?"

ఫణికుమార్ తల దించుకున్నాడు.

"వచ్చిందండీ. మాస్టారే లేదన్నాక, కాదనడానికి నేనెంతటివాణ్ణి? నా భ్రమేమో అనుకున్నా. మరి మీకు మేడం?"

ఆవిడకీ వచ్చింది. పక్కన మురుగుకాలవ నుంచి కాబోలు అనుకుంది. ఒక్కరు నోరు విప్పి ఉంటే ఆ పైపు అప్పుడే బయటపడేది.

ఐసీయూ తలుపు తెరుచుకుంది. డాక్టరు మాస్కు కిందికి లాగాడు.

"సారీ అమ్మా. పావుగంట నుంచీ ప్రయత్నిస్తూనే ఉన్నాం. ప్రాణం నిలబడలేదు."

ఝాన్సీలక్ష్మికి ఏడుపు రాలేదు. వరండా ఆ చివర్నుంచి మాస్టారు గోడ పట్టుకుని నడిచి వస్తున్నారు. ఆవిడ ఎదురు వెళ్ళింది.

"మహేష్ పోయాడు మాస్టారూ."

ఆయన అక్కడే బల్ల మీద కూలబడిపోయారు.

"వాడికి ఓనమాలు దిద్దించింది నేనమ్మా..."

"నాకూ మీరే దిద్దించారు. అందుకే మీ మాటకి ఎదురు చెప్పలేదు. టెంటులో ముందు కూర్చున్నది మీరు. పోలీసులు లాగినా కదలనిది మీరు. అలాంటి మిమ్మల్ని ఆ గోవర్ధనరావు ఏం చెప్పి లొంగదీశాడు?"

"మేడం, ఇప్పుడొద్దండీ" అన్నాడు ఫణికుమార్.

"మీరుండండి. చెప్పండి మాస్టారూ! మా ఇద్దరికీ కొట్టిన కంపు మీ ఒక్కరికే ఎందుకు కొట్టలేదు?"

మాస్టారు కళ్ళజోడు తీశారు. తుడుచుకోలేదు.

"కరోనా వచ్చి తగ్గినప్పట్నుంచీ నాకు ఏ వాసనా తెలీదు తల్లీ... ఆ రోజు మీరిద్దరూ ముక్కు మూసుకోలేదని చూసి, లేదనేశాను."