ఉప్పు తీయించారా?

ముద్దు పెట్టుకుని ఉంటే అలేఖ్య ఎలాగో సర్దుకునేది.

ఆ ముసలిది నాలుక చాచి, ఆమె ఏడు నెలల కొడుకు భానుతేజ నుదుటిని ఈ చివర నుంచి ఆ చివర దాకా నాకింది.

మొజంజాహీ మార్కెట్‌లో, ఐస్‌క్రీం దుకాణం ముందు, పట్టపగలు, అందరూ చూస్తుండగా.

పొగాకు నమిలి గారపట్టిన పళ్లు. జిడ్డోడుతున్న చీర. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. అలేఖ్య తింటున్న సీతాఫలం ఐస్‌క్రీం అక్కడే పారేసింది.

"ఛీ, ఏం మనిషివి నువ్వు? దూరం జరుగు."

"కోపం జేయకు బిడ్డా. పిలగానికి ఉప్పు తీపియ్యిండ్రి. జల్ది తీపియ్యిండ్రి."

దుకాణం బాలరాజు లోపల్నుంచి వచ్చాడు.

"ఓ డోర్కాసమ్మా, మళ్ల షురూ చేసినవా? గిరాకీ పోతది, జర అవతలికి నడువు. ఏమనుకోకున్రి మేడమ్. పసిపోరగాళ్లు కనవడితే గిట్లనే చేస్తది."

ముసలిది వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్లింది. వెంట వచ్చిన అత్తగారు జానకికి మాత్రం మనసులో ఒక మాట పడిపోయింది.

"ఉప్పు తీయించమంది చూశావా? దిష్టే. లేకపోతే ఎన్ని పాలు పట్టినా వీడు ఒళ్లు చేయకపోవడమేమిటి, ఆ దగ్గు వదలకపోవడమేమిటి?"

"ముందు ఆ ఎంగిలి కడగనివ్వండి అత్తయ్యా."

తడి టిష్యూల ప్యాకెట్ మొత్తం అయిపోయింది. ఇంటికెళ్లి పిల్లాడికి మళ్లీ స్నానం చేయించింది. అయినా ఆ నుదుటి వైపు చూస్తే చాలు, ఒళ్లు జలదరిస్తూనే ఉంది. సాయంత్రం జానకి గుప్పెడు ఉప్పు మనవడి చుట్టూ మూడుసార్లు తిప్పి నీళ్లలో కలిపేసింది. ఇలాంటివి గిట్టకపోయినా అలేఖ్య ఊరుకుంది.

ఆమె సైన్సు మనిషి మరి. కణం పొరలో వాకిళ్లలా ఉండే ప్రోటీన్ల మీద పరిశోధన. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో ఆ వాకిళ్లదే పెత్తనం. బాక్టీరియా దగ్గర్నుంచి మనిషి దాకా కోట్లకోట్ల ఏళ్లుగా పోలిక చెడకుండా వస్తున్న వంశం అని విద్యార్థులకు చెబుతుంది, తన పుట్టింటి గొప్ప చెప్పుకున్నట్టు.

తర్వాతి వారం ఆబిడ్స్ పోస్టాఫీసు దగ్గర ఆటో కోసం నిలబడితే, మళ్లీ అదే ముసలిది.

"ఉప్పు తీపిచ్చిన్రా బిడ్డా?"

అలేఖ్య చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"తీయించాం. ఇక మా వెంట పడకు."

"మంచిగనే వచ్చిందా?"

"ఏమీ లేదు వాడికి. బాగానే ఉన్నాడు. వెళ్లు."

ముసలామె మొహం విప్పారింది.

"ప్రభువుకు స్తోత్రం. నా నాలికే తప్పు చెప్పినట్టుంది. ముసలిదైంది గద."

ఆ తర్వాత ఎక్కడా కనబడలేదు. పీడ వదిలిందనుకుంది అలేఖ్య.

దగ్గే వదల్లేదు. చలికాలం వచ్చేసరికి పిల్లాడు ఊపిరి అందక ఎగపోశాడు. తిరిగిన చోటల్లా జలుబు మందే రాశారు. చివరికి నాంపల్లిలో విజయేందర్ అనే పిల్లల డాక్టరు, చెమటలో ఉప్పెంతో చూసే చెమట పరీక్ష చేయించాడు.

"ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగల్లేదా అమ్మా?"

"స్నానం చేయించి, పౌడరు రాశాకే పెట్టుకుంటాను."

"ఉప్పును దాటించే వాకిలి తెరుచుకుంటలేదు. అందుకే చెమటల ఉప్పు, ఛాతీల జిగురు. కుడి ఊపిరితిత్తి బాగా పాడైంది. మందులతోని నెట్టుకొస్తం. నాలుగు నెలల ముందు తెచ్చుంటే గింత దూరం రాకపోవు."

అలేఖ్యకు ఇంకేమీ వివరించనక్కర్లేదు. ఆ ప్రోటీన్ పేరు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

"ఎవరో ముసలామె నుదురు నాకింది డాక్టర్. ఉప్పు తీయించమంది. దిష్టి అనుకున్నాం."

"డోర్కాసమ్మనా?" డాక్టరు గొంతు తగ్గింది. "మెడల సిలువేసుకున్న మనిషి దిష్టి తియ్యమంటదా అమ్మా? చెమట పరీక్షను గామె ఉప్పు తీసుడు అనేది. ముగ్గురు పిల్లలను ఈ జబ్బుకే పోగొట్టుకుంది. అప్పటిసంది ఏ పిల్లగాడు దగ్గినా నాకి చూసుడే. గట్ల ఆమె పంపిన పిల్లలు ఇయ్యాల బడికి పోతున్నరు."

అలేఖ్య పిల్లాడి నుదురు తడిమి చూసింది. డాక్టరే చెప్పుకుపోయాడు.

"ఐస్‌క్రీం దుకాణం కాడ ఒక పిలగాడు సారూ, పరీక్ష చేపిచ్చిన్రంట, ఏం లేదంట అని గామె నా దగ్గరికొచ్చి మురిసిపోయింది. తర్వాత మళ్ల ఎవరినీ ముట్టలేదు. నాలిక మీద నమ్మకం పోయిందన్నది."

"ఎక్కడుంటుంది? నేను వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

"పోయిన నెల పోయింది."

తడి టిష్యూలతో రుద్దిన తన చేతులు చూసుకుంటే అలేఖ్యకు రోత పుట్టింది. ఇంత రోత ఆ ముసలామెను చూసినప్పుడు కూడా పుట్టలేదు.

డాక్టరు కేసు కాగితంలో ఆమె పనిచేసే ల్యాబు పేరు చదివి తలెత్తాడు.

"ఈ జబ్బున్నోళ్ల కణాలు ల్యాబుల పెంచేది మీరేనా?"

"నేనే. నాలుగేళ్లుగా. చేతులు కడుక్కోకుండా దగ్గరికి కూడా వెళ్లను. ఎవరివో మాకు తెలీదు, నంబరే ఉంటుంది."

"అవి నేనే పంపిన. ఆమె చిన్నకొడుకు ఇజ్రాయేల్‌వి. ఇంకో తల్లికి పనికొస్తయంటే తీస్కోండ్రి సారూ అన్నది."