సగం అల్లిన గూడు

మా ఇంట్లో మీసాలు మొలిచే వయసు పిల్లలకి ఈ కథ చెప్పడం ఆనవాయితీ.

గిజిగాళ్ళకి దేవుడు ఒక నియమం పెట్టాడు. మగపిట్ట సగం గూడే అల్లాలి. ఆడపిట్ట లోపలికొచ్చి చూసి, నచ్చిందంటేనే మిగతా సగం.

చెరువు మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా కాపురాలే. ఒక్క కుర్ర గిజిగాడే ఒంటరి. వాడు అల్లిన మూడు గూళ్ళూ ఎవరికీ నచ్చలేదు. నాలుగోదాన్ని చూడడానికి ఒక ఆడపిట్ట వచ్చింది.

"అల్లిక బాగుంది. కానీ నేనుండను," అంది.

గిజిగాడు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. "బాగుందన్నావుగా! నీ అంతట నువ్వే వచ్చావుగా!"

"చూడ్డానికొచ్చాను. దారియ్యి."

వాడు కదల్లేదు. ఆమె ఇంక మాట్లాడలేదు. ఒప్పుకుందనుకుని వాడు సంబరంగా మిగతా సగం మొదలుపెట్టాడు.

పక్క కొమ్మ మీది ముసలిపిట్ట పిలిచింది. "ఏరా అబ్బాయ్, ఒప్పుకున్న పిల్లయితే ఈపాటికి లోపల మెత్తగా దూది పరుచుకునేది. ఆ పిల్ల ఏం చేస్తోందో చూశావా?"

వాడు తొంగి చూశాడు. ఆమె ఓ మూలకి ఒదిగి వణుకుతోంది. తనని చూసి పిట్టలు నవ్వడం వాడికి తెలుసు. తనని చూసి ఒక పిట్ట భయపడడం ఇదే మొదటిసారి.

"తప్పయింది, వెళ్ళు," అని పక్కకి జరిగాడు. ఆమె వెనక్కి చూడకుండా ఎగిరిపోయింది.

సాయంత్రం చెట్టంతా కువకువలు. వాడి గూట్లో మాత్రం గాలి ఒక్కటే తిరుగుతోంది.

"ఒంటరిగా అనిపిస్తోందా అబ్బాయ్?" అంది ముసలిపిట్ట.

"అవును పిన్నీ. ఆ పిల్ల లోపలున్నప్పుడూ నేను ఒంటరిగానే ఉన్నాను. అప్పుడు తెలియలేదు, అంతే."